లోటు లెక్క

దసరాకు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి దేవరుప్పుల వచ్చాడంటే ఇంట్లో ఏదో ఒక కొత్త మాట వినబడి తీరుతుంది. ఒక పండక్కి పచ్చికూరలే తినాలన్నాడు. ఇంకో పండక్కి చన్నీళ్ళ స్నానమే ఆరోగ్యమన్నాడు. ఈసారి గోల్ఫు పట్టుకొచ్చాడు. ఆదివారం వస్తే చాలు, కర్రల సంచీ భుజాన వేసుకుని గోల్కొండకు పోతున్నాట్ట.

"ఇదిగో చూడు అత్తమ్మా! వృత్తిగా ఆడే పెద్ద పెద్ద ఆటగాళ్ళు గోల్కొండ మాస్టర్స్ పోటీ ఆడింది ఈ మైదానంలోనే. వాళ్ళు నిలబడ్డ చోటే నేనూ నిలబడ్డాను" అని ఫోనులో ఫోటో చూపించాడు. ఫోటోలో పచ్చటి గడ్డి, ఒక జెండా, జెండా పక్కన కడుపు లోపలికి పీల్చి నిలబడ్డ మావాడు.

మా అమ్మకు ఎనభై దాటాయి. కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఎంత జాగ బిడ్డా అది?" అంది.

"పద్దెనిమిది గుంటలు నాయనమ్మా."

"పద్దెనిమిది గుంటలే! అరెకరం గూడ లేదు గదరా, దానికింత సంబురమా?"

మా వైపు నలభై గుంటలైతే ఎకరం. వాడు చెప్పింది బంతి పడే గుంటల సంగతి. సంగతి విడమరిచి, అలాంటి మైదానం మామూలుగా నూరెకరాల దాకా ఉంటుందని చెప్పేసరికి మా అమ్మ నోరు నొక్కుకుంది. "నూరెకరాల్ల గడ్డి పెంచి, అండ్ల మేకలను గూడ మేపరా?" అంది. తరవాత ఆట ఎలా ఆడతారో విని, "గట్లయితే మన చిర్రగోనె లెక్కనే గదా! దానికి పోయి గింత ఖర్చా?" అని తేల్చేసింది. అందరం నవ్వుకున్నాం. మావాడు మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

రాత్రి పడుకున్నాక నాకు వాడి ముఖమే గుర్తొచ్చింది. పెద్దవాళ్ళు ఆడిన నేల మీద నిలబడ్డానని ఫోటో తీసుకోవటంలో వాడికి దొరికిందేమిటి? అది డాబా, భక్తా, లేక ఇంకేమైనానా? అందులో నవ్వవలసిందేమైనా ఉందా?

ఆలోచించి చూడండి. ఇలాంటి వీలు మరే ఆటకూ ఉన్నట్టు లేదు. ఉప్పల్ స్టేడియానికి వెళ్ళి, "బాబూ, ఒక్క ఓవరు బ్యాటు పట్టుకుని పోతాను" అంటే గేటు దగ్గరే నమస్కారం పెట్టి పంపించేస్తారు. గోల్ఫులో అలా కాదు. పోటీలు జరిగే మైదానాలు కొన్ని సభ్యులకే పరిమితమైనా, చాలావాటిలో రుసుం కడితే మామూలు వాళ్ళు కూడా అదే దారిలో నడిచి, అవే పద్దెనిమిది గుంటల్లో బంతి వెయ్యవచ్చు. స్కాట్లండులో సెంట్ ఆండ్రూస్ అనే ఊరుంది. గోల్ఫుకు అది కాశీలాంటిది. ఆరు వందల ఏళ్ళుగా అక్కడ ఈ ఆట ఆడుతున్నారంటారు. 2022లో నూట యాభయ్యో ఓపెన్ పోటీ జరిగింది అక్కడి పాత మైదానంలోనే. అయినా ఆ నేల ఏ జమీందారుదీ కాదు, ఊరుమ్మడిది. ఆడాలనుకున్నవాళ్ళు పేరిస్తే చీటీలు తీస్తారు. చీటీలో పేరొస్తే, మూడు వందల పౌండ్ల పైచిలుకు చెల్లించి, అమెరికా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరైనా సరే, జపాను నుంచి వచ్చిన దుకాణదారైనా సరే ఛాంపియన్లు నడిచిన దారిన నడవచ్చు. ఇంకో ముచ్చట: ఆదివారాలు, పెద్ద పోటీ ఉంటే తప్ప, అక్కడ ఆట ఉండదు. ఆ రోజు ఊళ్ళోవాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని ఆ పచ్చిక మీద షికారు తిరుగుతారు.

పెద్దల నేల మీద కాలు పెట్టాలనే కోరిక మనకు మాత్రం కొత్తా? మా దేవరుప్పులకు పొరుగునే పాలకుర్తి ఉంది, సోమనాథుడి ఊరు. ఆ పక్కనే బమ్మెర, పోతనగారి ఊరు. బమ్మెర వెళ్ళిన వాళ్ళెవరైనా, పద్యం ఒక్క ముక్క వచ్చినా చాలు, అక్కడ నిలబడి దాన్ని పాడకుండా రారు. బడిపిల్లలు పాడతారు, పింఛను పుచ్చుకునే మాస్టర్లు పాడతారు. రాగం ఎటు పోతున్నా కళ్ళు మాత్రం చెమ్మగిల్లుతాయి. ఆ మట్టి తొక్కినంత మాత్రాన కవిత్వం రాదని వాళ్ళకు తెలియదా? తెలుసు. అయినా పాడతారు. మరి మా మేనల్లుడు జెండా పక్కన నిలబడితే తప్పేముంది?

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. బమ్మెరలో పాడే పిల్లవాణ్ణి పోతనగారితో పోల్చి మార్కులు వేసే వాళ్ళెవరూ ఉండరు. గోల్ఫు మైదానంలో ఆ దయ లేదు. అక్కడ ప్రతి గుంటకూ ఒక లెక్క కట్టి పెట్టారు. నిపుణుడైతే ఇన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వెయ్యాలి అని. దాన్ని 'పార్' అంటారు. మూడు, నాలుగు, అయిదు, ఇలా. ఆ గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ఛాంపియన్ వచ్చాడని తగ్గించరు, మావాడు వచ్చాడని పెంచరు. పెద్దవాడు నాలుగు దెబ్బల్లో వేసిన చోట మీరు తొమ్మిది కొడితే, ఆ తొమ్మిదీ చీటీ మీద కూర్చుని మీ ముఖంలోకి చూస్తూ ఉంటుంది.

నిజానికి అదే నేల అన్నమాటేగానీ అదే పరీక్ష కాదు. పెద్ద పోటీ ముందు దారికి అటూ ఇటూ గడ్డిని ఎత్తుగా పెరగనిస్తారు. గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చికను ఇంకా పొట్టిగా కోసి బంతి జర్రున జారిపోయేటట్టు చేస్తారు. మొదటి దెబ్బ కొట్టే చోటును బాగా వెనక్కి జరుపుతారు. ఆదివారం ఆటగాళ్ళకు ఆ కష్టాలన్నీ ఉండవు. ఉత్సవంనాడు తేరు లాగటం వేరు, మర్నాడు ఖాళీ తేరు పక్కన నిలబడటం వేరు. ఈ సంగతి తెలిసి నిలబడితే సంతోషమే. తెలియక, 'వాళ్ళాడిందీ నేనాడిందీ ఒకటే' అనుకుంటే అది డాబా. 

ఇంకో రకం ఓదార్పు కూడా ఆ నేలే ఇస్తుంది. సెంట్ ఆండ్రూస్‌లో పదిహేడో గుంట పక్కన లోతైన ఇసుక గొయ్యి ఉంది. 1978 ఓపెన్ పోటీలో టామీ నకజిమా అనే జపాను ఆటగాడు, ముందు వరసలో ఉన్నవాడు, మెల్లగా తోసిన బంతి పచ్చిక మీంచి దొర్లి ఆ గోతిలో పడింది. దాన్ని బయటికి తియ్యలేక తియ్యలేక, ఆ ఒక్క గుంటకే తొమ్మిది దెబ్బలు పట్టాయి. వృత్తి ఆటగాడికి! ఇప్పటికీ ఆ ఇసుకకు అతని పేరు చెప్పి నవ్వుకుంటారు. మైదానం పెద్దవాళ్ళ గొప్పతనాన్ని ఒక్కటే గుర్తుపెట్టుకోదు, వాళ్ళ తిప్పలు కూడా గుర్తుపెట్టుకుంటుంది.

కార్తీకంలో పనిబడి నేను హైదరాబాదు వెళ్ళాను. "ఒక్కసారి వచ్చి చూడు అత్తమ్మా" అని మావాడు ప్రాణం తీస్తే, తెల్లవారకముందే లేచి వాడి వెంట గోల్కొండ పోయాను. ఆ మైదానం కోటను ఆనుకుని ఉన్న నయా ఖిలాలో ఉంది. ఔరంగజేబు మొదటిసారి దండెత్తి పోయాక కుతుబ్‌షాహీలు కోటను ఇటు పెంచి కట్టిన భాగం అది. 1687లో కోట పడిపోనే పడిపోయింది. ఫిరంగులు మోగిన చోట ఇప్పుడు గడ్డికి నీళ్ళు చల్లుతున్నారు. అక్కడొక బ్రహ్మాండమైన మాను ఉంది. ఏనుగు చెట్టంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన జాతి. నాలుగు వందల ఏళ్ళ పైబడిందని చెబుతారు. మొదలు చుట్టూ నలుగురు చేతులు కలిపినా అందదు. దాన్ని చూసిన తరవాత మనుషులు కొట్టే బంతి ఎంత దూరం పోయిందన్నది నాకు పెద్ద విషయంగా కనిపించలేదు.

మావాడికి మాత్రం అదే ప్రపంచం. వాడి వెంట ఇద్దరు స్నేహితులు, సంచీలు మోసే క్యాడీ కుర్రాళ్ళు. నేను చెప్పులు చేతబట్టుకుని మంచుకు తడిసిన గడ్డిలో వెనకాల నడిచాను. అయిదో ఆరో గుంట దగ్గర మావాడి బంతి ఇసుక గోతిలో పడింది. అది గట్టుకు అవతల ఉంది. స్నేహితులు దూరంగా తమ బంతుల వేటలో ఉన్నారు. గోతిలో మావాడు, గట్టున నేను. మొదటి దెబ్బకు ఇసుక లేచింది, బంతి లేవలేదు. రెండో దెబ్బకు ఎగిరి మళ్ళీ అక్కడే పడింది. మూడోదీ అంతే. నాలుగోదానికి బయటికొచ్చింది. తీరా గుంటలో వేసేసరికి చెమటలు కారుతున్నాయి. అవతలినుంచి స్నేహితుడు కేకేశాడు, "ఎన్ని?" అని.

నా గుండె ఒక్కసారి కొట్టుకుంది సుమండీ. ఆరు అన్నా అడిగేవాడు లేడు. నేను మేనత్తను, వాడి మీద సాక్ష్యం చెప్పను. వాడు చీటీ తీసి, "ఎనిమిది" అన్నాడు. అని రాసుకున్నాడు. అంతే. ముఖంలో గొప్ప పని చేశానన్న కళ కూడా లేదు.

నడుస్తూ నడుస్తూ అడిగాను, "ఒరే, ఆరని రాసుకుంటే ఏమయ్యేది?" అని.

"ఏమీ అయ్యేది కాదు అత్తమ్మా. కానీ నా హ్యాండిక్యాప్ తప్పయిపోతుంది" అన్నాడు.

ఆ మాట విడమరిచి చెప్పమన్నాను. గోల్ఫులో ప్రతివాడికీ తన లోటుకు ఒక అంకె ఉంటుందట. చివరి ఇరవై ఆటల్లో మంచివి ఎనిమిది తీసుకుని సగటు కట్టి దాన్ని తేలుస్తారట. మావాడిది ఇరవై రెండు. అంటే నిపుణుడికన్నా వీడు సుమారు ఇరవై రెండు దెబ్బలు వెనక. ఇద్దరూ పందెం ఆడితే ఆ ఇరవై రెండూ వీడి లెక్కలోంచి తగ్గించి అప్పుడు పోలుస్తారు. అంచేత గొప్ప ఆటగాడితో మామూలువాడు ఆడవచ్చు, తనవంతు బాగా ఆడితే గెలవనూ వచ్చు. ప్రపంచమంతటికీ ఒకే పద్ధతిగా 2020 నుంచి దీన్ని అమలు చేస్తున్నారు. లోటు యాభై నాలుగు దాకా ఉండవచ్చు. ఆడా మగా ఇద్దరికీ అంతే.

నాకు భలే ముచ్చటేసింది. లోటుకు ఇంత మర్యాద ఇచ్చిన చోటు మన సంసారాల్లో ఎక్కడైనా ఉందా? 'నాకు ఇరవై రెండు తక్కువండీ' అని చీటీ చేత్తో పట్టుకుని తలెత్తుకు నడవటం! మనం లోటును గుడ్డ కప్పి దాస్తాం, లేదా దాన్నే తలచుకుని కుమిలిపోతాం. ఇక్కడ దానికి ఒక అంకె వేసి, 'పద నాయనా, ఆడుకో' అంటున్నారు. ఒకే ఒక్క షరతు. లెక్క నిజం చెప్పాలి.

అన్నట్టు, ఈ అబద్ధం రెండు వైపులా ఉందట. కొట్టిన దెబ్బలు తక్కువ రాసుకుని గొప్ప చెప్పుకునే వాళ్ళు కొందరు. ఉన్నదానికన్నా లోటు ఎక్కువ చూపించి, పోటీలో బహుమతులు కొట్టేసే వాళ్ళు ఇంకొందరు. రెండో రకం వినగానే నాకు నవ్వొచ్చింది. పులిహోర అమృతంలా కుదిరిందని తనకు తెలిసీ, "ఏమోనమ్మా, ఇవ్వాళ ఉప్పు సరిపోయిందో లేదో" అని నలుగురిచేతా "అయ్యో, బ్రహ్మాండంగా ఉంది వదినా!" అనిపించుకునే నేర్పు మనలో ఎవరికి లేదు?

లెక్క నిజం చెప్పటంలో గోల్ఫు వాళ్ళు తలచుకునే పేరు బాబీ జోన్స్. అమెరికావాడు. లా చదువుకున్నాడు. ఆట మీద డబ్బు తీసుకోకుండా కడదాకా ఔత్సాహికుడిగానే ఆడి, 1930లో ఒకే ఏడు నాలుగు పెద్ద పోటీలూ గెలిచాడు. 1925లో అమెరికా ఓపెన్ పోటీలో, కొట్టబోయే ముందు తన బంతి పిసరంత కదిలిందన్నాడు. ఇంకెవరూ చూడలేదు. అయినా తన మీద తానే ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. చివరికి లెక్క సమానమై, మళ్ళీ ఆడవలసి వచ్చి ఓడిపోయాడు. ఆ ఒక్క దెబ్బా వేసుకోకపోతే గెలిచి ఉండేవాడు. అందరూ మెచ్చుకుంటే ఆయనకు చిరాకేసిందట. బ్యాంకు దోచుకోలేదని కూడా మెచ్చుకుంటారా అన్నాట్ట.

మావాడి ఎనిమిది విన్నప్పటినుంచీ నాకు లోపల ఒకటి మెదులుతూనే ఉంది. ముప్ఫయ్యేళ్ళ కిందటిది. అప్పుడు నేను పాడేదాన్ని. సంగీతం పద్ధతిగా ఏడేళ్ళు నేర్చుకున్నాను. ఒక ఊళ్ళో ఉత్సవాల్లో, ముందురోజు పేరుమోసిన విద్వాంసురాలు కచేరీ చేసిన వేదిక మీదే, మర్నాడు సాయంత్రం స్థానికులకు తలా పావుగంట ఇచ్చారు. ఆవిడ కూర్చున్న తివాచీ మీద కూర్చోబోతున్నానని నాలుగు రాత్రులు నిద్రపోలేదు. తీరా పాడుతుంటే చరణంలో తాళం తప్పాను. మృదంగం ఆయన రెండుసార్లు సర్దుకుని నన్ను దారిలోకి తెచ్చాడు. మూడోసారి నేనే మధ్యలో ముగించేశాను. ఇంటినుంచి ఆరోజు ఎవరూ రాలేదు. రాత్రి ఇంటికొచ్చాక ఆయన "ఎలా అయింది?" అంటే, "బాగా అయింది" అన్నాను. మర్నాడు అమ్మతోనూ అదే మాట.

చిన్న అబద్ధమే. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. కానీ ఆ తరవాత ఎవరు పాడమన్నా, "గొంతు బాగాలేదు", "పొయ్యి మీద పాలున్నాయి" అని తప్పించుకోవటం మొదలుపెట్టాను. అంత పెద్ద వేదిక మీద బాగా పాడినదాన్ని కదా, పేరంటంలో తప్పితే ఎలా? క్రమంగా అడిగేవాళ్ళే మానేశారు. మొన్న గోల్కొండలో ఆ గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది. నా పాటను చంపింది ఆ తప్పిన తాళం కాదు. ఆరోజు రాసుకున్న దొంగ అంకె. 'మూడుచోట్ల తప్పాను' అని ఇంట్లో చెప్పి ఉంటే, నా లోటు మూడు అయ్యేది. మర్నాటినుంచి ఆ మూడుతో హాయిగా పాడుకుంటూ ఉండేదాన్ని.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేస్తే ఈ లెక్క కూడా దొంగలెక్కే అవుతుంది. లోటు అంకె ఎవరికైనా ఇస్తారు సరే, అసలు గేటు లోపలికి ఎవర్ని రానిస్తారు? సెంట్ ఆండ్రూస్‌లో 1867లోనే ఆడవాళ్ళు తమకంటూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అయితే భుజం పైదాకా కర్ర ఎత్తడం స్త్రీలకు మర్యాద కాదనుకునే రోజులు. అందుకని మెల్లగా బంతి తోసుకునే ఒక గతుకుల పచ్చిక వాళ్ళకిచ్చారు. ఆ ఎత్తుపల్లాలకు హిమాలయాలని పేరుపెట్టుకుని ఆడుకున్నారు వాళ్ళు. అక్కడి పెద్ద క్లబ్బు 1754లో పుట్టింది. ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకుంటామని ఓటు వేసింది 2014 సెప్టెంబరులో! రెండు వందల అరవై ఏళ్ళు. పరాయివాళ్ళను అనటమెందుకు, మన త్యాగయ్యగారి సమాధి దగ్గర ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో, తన సొమ్ము పెట్టి ఆ సమాధికి గుడి కట్టించి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి పాడించిన బెంగుళూరు నాగరత్నమ్మగారిని తలుచుకోండి. తివాచీ మీద తాళం తప్పే హక్కు కూడా నాకు ఎవరో పోరాడి తెచ్చిపెట్టిందే.

సంచీ మోసే కుర్రాడికి ఆ నేలలో ప్రతి వంపూ తెలుసు. ఆడేది మాత్రం సంచీగలవాడు. ఢిల్లీలో అలా సంచీలు మోసిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొట్టమొదటి వృత్తి ఆటగాడైన భారతీయుడు ఆయనే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగుళూరు పిల్ల అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాలో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, ఎండలో ఆ పిల్ల సంచీ మోసింది కన్నతల్లి. మోసేవాళ్ళ లెక్క ఏ చీటీలోనూ ఉండదు. వంటింట్లో ఉన్న మనకు ఈ మాట వేరే చెప్పాలా?

మా అమ్మ మేకల ప్రశ్న కూడా అందులోదే. మా దేవరుప్పుల మండలంలోనే ఉంది కడవెండి. విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డ జనంలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగింది 1946 జూలై 4న అక్కడే. ఆ మాటలు వింటూ పెరిగిన మనిషికి నూరెకరాలు అంటే ముందు 'ఎవరిది?' అనిపిస్తుంది, ఆ తరవాతే 'ఎంత పచ్చగా ఉంది!' అనిపిస్తుంది. నవ్వి ఊరుకున్నాం గానీ, అది నవ్వే ప్రశ్న కాదు. సెంట్ ఆండ్రూస్ పచ్చిక మీద కూడా ఒకప్పుడు గొర్రెలు మేసేవి. అవి చలిగాలికి ఒదిగి పడుకున్న గుంతలే ఇసుక గోతులయ్యాయని చెప్పుకుంటారు. పెద్దలు ఆడిన నేల మీద మామూలువాడు నిలబడి సంతోషపడటంలో తప్పేమీ లేదు. ఆ మామూలువాళ్ళలో ఇంకా ఎవరెవరు గేటు బయట ఉన్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆ సంతోషానికి వచ్చే లోటూ ఏమీ లేదు.

ఇంతకీ మావాడికి దొరికిందేమిటన్న ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. పెద్దల నేల మనల్ని పెద్దవాళ్ళను చెయ్యదు. మనం ఎంతవాళ్ళమో చెబుతుంది. చెప్పి, అంతటితో పొమ్మనదు. ఆ అంకె పట్టుకుని మళ్ళీ రమ్మంటుంది. దాన్ని దిద్దుకుని ఇంటికి తెస్తే ఫోటో ఒక్కటే మిగులుతుంది. దిద్దకుండా తెస్తే ఆట మిగులుతుంది.

ఊరికి తిరిగొచ్చిన రాత్రి అమ్మ పక్కన పడుకుని ముప్ఫయ్యేళ్ళనాటి సంగతి చెప్పాను. చీకట్లో చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"అందుకేనా బిడ్డా, పాడుడు బందు పెట్టినవ్?" అంది మెల్లగా. కాసేపాగి, "ఏదీ, ఇప్పుడు పాడు" అంది.

పాడాను. గొంతు తుప్పుపట్టి ఉంది. పక్కవాళ్ళు లేస్తారేమోనని సన్నగా, చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ చివరిదాకా పాడాను. ముప్ఫయ్యేళ్ళ కిందట మధ్యలో ఆపేసిన ఆ పాటే.

"మంచిగనే ఉన్నది. రెండుచోట్ల తప్పినవ్" అంది అమ్మ.

"మూడుచోట్లమ్మా" అన్నాను.